హై-లో స్టడ్: సగం పాట్ ఎప్పుడు లాభం, ఎప్పుడు కాదు?

ప్రశ్న: ఏడు ముక్కల స్టడ్ పోకర్ మాకు బాగానే వచ్చు. ఇకపై పాట్‌ను, అంటే అందరి పందేలూ చేరిన మొత్తాన్ని, రెండు భాగాలు చేసే హై-లో పద్ధతిలో ఆడదామని మిత్రులు అంటున్నారు. ఆట ఎక్కడ మారుతుంది? రెండు భాగాలూ ఒక్కరికే దక్కవచ్చా?

జవాబు: పంపకంలో ఏ మార్పూ లేదు. అందరూ ఆంటీ (ముక్కలు పంచకముందు వేసే చిన్న పందెం) వేశాక ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి, ఒకటి తెరిచి వేస్తారు. ఆపైన మూడు ముక్కలు విడతకొకటి చొప్పున తెరిచి, ఏడో ముక్క మూసి ఇస్తారు. మొదటి విడతలో అందరికంటే చిన్న ముక్క పైకి కనిపిస్తున్నవారు తప్పనిసరి పందెం వేయాలి. ఆ సందర్భంలో ఆసు పెద్ద ముక్కే. నాలుగో ముక్క నుంచి, తెరిచిన ముక్కలలో పెద్ద హ్యాండ్ (ముక్కల కలయిక) ఉన్నవారే ముందు ఆడతారు. పందేలకు సాధారణంగా పరిమితి ఉంటుంది: మొదటి రెండు విడతలలో చిన్న పందెం, అయిదో ముక్క నుంచి దానికి రెట్టింపు.

అసలు మార్పు ముక్కలు తెరిచి చూపే దశలో వస్తుంది. పాట్‌లో సగం హై హ్యాండ్‌కు (మామూలు పోకర్ లెక్కలో అన్నిటికంటే పెద్దదానికి), సగం లో హ్యాండ్‌కు (అన్నిటికంటే చిన్నదానికి) వెళ్తుంది. లో హ్యాండ్ అనిపించుకోవాలంటే అయిదు ముక్కలూ వేర్వేరు అంకెలవి కావాలి, ఏ ఒక్కటీ 8కి మించకూడదు, ఆసును 1గా లెక్కించాలి. అటువంటి హ్యాండ్ ఎవరికీ పడకపోతే పాట్ మొత్తం హై హ్యాండ్‌దే. ఏడు ముక్కలలో హై కోసం ఒక అయిదు, లో కోసం మరొక అయిదు ఎంచుకోవచ్చు; ఒకే ముక్క రెండింటిలోనూ ఉండవచ్చు, ఆ అయిదూ అవే అయినా అభ్యంతరం లేదు. కాబట్టి ఒక్కరే రెండు భాగాలూ గెలవడం నియమానికి లోబడిందే. నిజానికి ఆడవలసింది దానికోసమే.

ప్రశ్న: మొన్నటి ఆటలో నాకు 8, 4, 3, 2, ఆసు వచ్చాయి. ఎదుటివారికి 7, 6, 5, 4, 3. మూడో ఆయనకు రెండు జతలు. రెండు సగాలూ ఆ 7 ఉన్నవారే తీసుకున్నారు. నా దగ్గర ఆసు, 2 ఉండగా లో భాగం ఆయనకెలా దక్కుతుంది? పైగా ఆయనది స్ట్రెయిట్ (వరుస అంకెల అయిదు ముక్కలు) కదా?

జవాబు: ఆయన తీసుకున్నది న్యాయమే. లో హ్యాండ్లను పై ముక్క నుంచి కిందికి పోల్చాలి. ఆసును 1గా భావించి, పెద్ద ముక్కతో మొదలుపెట్టి అంకెలను వరుసగా ఒక సంఖ్యలా చదవండి: మీది 84321, ఆయనది 76543. చిన్న సంఖ్య గలవారిదే లో భాగం. పై ముక్కలు సమానమైనప్పుడే కింది ముక్కల ప్రసక్తి వస్తుంది. ఇక స్ట్రెయిట్, ఫ్లష్ (ఒకే గుర్తుకు చెందిన అయిదు ముక్కలు) అన్నవి లో లెక్కలో దోషాలు కావు. అందువల్లనే 5, 4, 3, 2, ఆసు అన్నిటికంటే మేలైన లో హ్యాండ్ అయింది. ఆ 7, 6, 5, 4, 3 హై వైపు స్ట్రెయిట్‌గా నిలిచి రెండు జతలను ఓడించింది, లో వైపు మిమ్మల్ని ఓడించింది.

ప్రశ్న: మొదటి మూడు ముక్కలలో రాజుల జత పడితే మామూలు స్టడ్‌లో ధైర్యంగా ఆడతాం. ఇక్కడా అలాగే ఆడవచ్చా?

జవాబు: ఎదుట చిన్న ముక్కలు తెరిచి ఉన్నవారు ఇద్దరు ముగ్గురు పందెంలో నిలిస్తే, ఆడకపోవడమే మేలు. చిన్న ముక్కలతో మొదలుపెట్టిన వ్యక్తికి దారిలో స్ట్రెయిటో, ఫ్లషో, ఆసుల జతో పడి హై కూడా చేజిక్కవచ్చు. రాజుల జత ఉన్నవారికి మాత్రం మిగిలిన అయిదు ముక్కలూ 8 లోపు వేర్వేరు అంకెలు పడితే తప్ప లో దక్కదు. అంటే మీరు దాదాపుగా సగం పాట్ కోసమే డబ్బు పెడుతున్నట్లు.

ఆ సగం విలువను లెక్కకట్టి చూడండి. ముగ్గురు తలా 100 చిప్పులు పెడితే పాట్ 300, సగం 150, మీ లాభం 50. చివరికి ఇద్దరే పెట్టిన పాట్ అయితే సగం 100, అంటే మీ చిప్పులే మీకు తిరిగివచ్చాయి. ముగ్గురున్న పాట్‌లోనే మీ లో హ్యాండ్, మరొకరిది సమానమైతే మీ వాటా 75. గెలిచి కూడా 25 పోగొట్టుకున్నారు. కొత్తవారు చాలామంది ఈ లెక్క చూడకుండా, ఎలాగూ సగం వస్తుందన్న భరోసాతో పందెం పెంచుతూ పోతారు.

అందువల్ల రెండు వైపులా ఎదిగే ముక్కలతోనే మొదలుపెట్టండి: ఒకే గుర్తుకు చెందిన ఆసు, 2, 4 వంటివి, లేదా 4, 5, 6 వంటి వరుస, లేదా ఆసుల జతతో ఒక చిన్న ముక్క. ఒకే అంకె మూడు పడితే ఎలాగూ గట్టి ఆరంభమే. మంచి ఆరంభమైనా, నాలుగో ముక్క జాకీ, అయిదో ముక్క రాణి పడితే అక్కడితో ఆపేయడం ఉత్తమం, ఎందుకంటే లో హ్యాండ్‌కు ఇక మిగిలిన రెండూ సరైనవే పడాలి, పందెమేమో రెట్టింపయింది. ఎదుటివారు ఫోల్డ్ చేసి (ఆట వదిలేసి) తీసేసిన తెరిచిన ముక్కలనూ గుర్తుంచుకోండి. మీకు కావలసిన 3లు మూడు అప్పటికే కనిపించిపోతే, మిగిలిన ఒక్కదాని కోసం ఎదురుచూపు ఖరీదైన వ్యవహారం.

ప్రశ్న: ఎనిమిది మంది ఆడితే 56 ముక్కలు కావాలి, పేకలో ఉన్నవి 52. ఎలా?

జవాబు: ఏడో ముక్క వరకు ఎనిమిది మందీ నిలవడం అరుదు. ఒకవేళ నిలిచి ముక్కలు చాలకపోతే, ఒకే ముక్కను మధ్యలో తెరిచి వేస్తారు. అదే అందరికీ ఏడో ముక్క.