‘దీనిని చేయుడి’: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు జ్ఞాపకం చేసుకోవడం చుట్టూనే తిరిగాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: వందనాలు. మా సంఘంలో నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభు బల్ల (ప్రభువు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం) ఉంటుంది. ఈమధ్య రొట్టె చేతికొచ్చేసరికి మనసు పొయ్యి మీది కూర మీదికో, బస్సు మీదికో పోతోంది. ‘జ్ఞాపకము చేసికొనుట’ అంటే ఆ రెండు నిమిషాల్లో ఏం చేయాలి? (ఒక సహోదరి, తెనాలి)

జవాబు: ప్రభువు ‘జ్ఞాపకం చేసుకోండి’ అని చెప్పి ఊరుకోలేదు. జ్ఞాపకం చేసుకోవడానికి ‘దీనిని చేయుడి’ అన్నాడు. తేడా అక్కడే ఉంది. బైబిల్లో జ్ఞాపకమంటే తలలో మెదిలి పోయే తలంపు కాదు. దేవుడు నోవహును జ్ఞాపకం చేసుకోగానే గాలి విసిరింది, నీళ్ళు తగ్గాయి (ఆది 8:1). ఐగుప్తులో బానిసలైన ఇశ్రాయేలీయుల మూలుగు విని తన నిబంధనను జ్ఞాపకం చేసుకున్నాడు (నిర్గమ 2:24). ఆ వెంటనే తర్వాతి అధ్యాయంలో మోషేను పిలిచాడు. ఆయన జ్ఞాపకం చేసుకున్నాడంటే ఏదో ఒక పని మొదలైందనే అర్థం.

ప్రభువు ఈ మాట అన్నది పస్కా భోజనం దగ్గర, అంటే ఐగుప్తు నుంచి విడుదలను జ్ఞాపకం చేసుకునే పండుగ భోజనం దగ్గర. పొంగని రొట్టె, చేదు కూరలు, గొర్రెపిల్ల మాంసం ముందు పెట్టుకుని, ‘ఇదెందుకు?’ అని పిల్లలు అడిగితే చెప్పాల్సిన భోజనం అది. నాలుకకు చేదు తగులుతుండగా చెప్పే సంగతి మరుపుకు రాదు.

కాబట్టి పని శనివారం రాత్రే మొదలుపెట్టండి. లూకా 22:7–20 గానీ, యెషయా 53 గానీ పైకి చదవండి. యెషయా 53లో ఉన్నవి 12 వచనాలే, మెల్లగా చదివినా అయిదు నిమిషాలు చాలు. ఎవరితోనైనా మాట పడి ఉంటే ఆ రాత్రే ఫోన్ చేయండి. బలిపీఠం దగ్గర సహోదరుడి సంగతి జ్ఞాపకానికొస్తే అర్పణ అక్కడే విడిచి వెళ్ళమన్నాడు కదా ప్రభువు (మత్తయి 5:23, 24). రొట్టె చేతికొచ్చాక ఒక్క వాక్యం చాలు: ‘ఇది నా కోసం విరిచిన శరీరం.’ పెదవులు కదిలేలా అనుకోండి. గిన్నె వచ్చినప్పుడు ‘ఇది నా కోసం చిందిన రక్తం వల్లనైన క్రొత్త నిబంధన’ అనుకోండి. మనసు పక్కకు పోతే తిట్టుకోకుండా మళ్ళీ ఆ వాక్యానికే రండి.

ఎక్కువమంది పొరబడేది మరో చోట. ఆ రెండు నిమిషాలూ తమ పాపాలు తవ్వుకోవడంతోనే సరిపోతుంది, ప్రభువు వైపు చూసే వ్యవధి దొరకదు. పౌలు పరీక్షించుకొమ్మన్నది నిజమే. కానీ ‘ఆలాగుచేసి ఆ రొట్టెను తిని’ అన్నాడు (1 కొరింథీ 11:28). పరీక్ష బల్ల దగ్గరికి తెచ్చే దారే. పైగా కొరింథులో ఆయన తప్పుపట్టింది ఉన్నవాళ్ళు ముందే తినేసి లేనివాళ్ళను ఆకలితో కూర్చోబెట్టడాన్ని. మీ వరుసలో కూర్చున్న పేదరాలి ముఖం చూడకపోతే ఆ అధ్యాయం సగమే చదివినట్టు.

ప్రశ్న: దేవుడు మా కుటుంబానికి చేసిన మేళ్ళు పిల్లలకు ఏమీ తెలియవు. చెప్పబోతే ఫోను చూసుకుంటారు. ఎలా చెప్పాలి? (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: యెహోషువ 4 చూడండి. ఇశ్రాయేలీయులు యొర్దాను నది దాటిన సందర్భం అది. గోత్రానికొకరు చొప్పున 12 మంది యొర్దాను మధ్యలో, యాజకుల కాళ్ళు నిలిచిన చోట నుంచి, తలా ఒక రాయి భుజాన వేసుకుని గిల్గాలుకు మోశారు. ముందు రాళ్ళు నిలబెట్టారు. ‘ఈ రాళ్ళెందుకు?’ అని పిల్లలు అడిగాక చెప్పడం. మనం దీన్ని తిరగేసి, ఎవరూ అడగకముందే ప్రసంగం మొదలుపెడుతున్నాం. అందుకే పిల్లలు వినరు. ఆస్పత్రి చీటీయో, మొదటి జీతం కవరో, నాయనమ్మ చిరిగిన బైబిలో వాళ్ళ కంటబడే చోట పెట్టండి. అడిగే దాకా ఆగండి.

దాంతో పాటు 200 పేజీల గీతల నోటుపుస్తకం ఒకటి కొనండి. తెరిచినప్పుడు ఎడమ పేజీలో తేదీ, ప్రార్థన అంశం, ఎవరి కోసమో. కుడి పేజీలో జవాబు, దాని తేదీ. నాలుగు వరసలు మించొద్దు. జవాబు రాకపోతే కుడి పేజీ ఖాళీగానే ఉంచండి, నింపాలని తొందరపడొద్దు. ‘దేవుడు మేలు చేశాడు’ అని రాస్తే ఏడాది తిరిగేసరికి మీకే అర్థం కాదు. ‘ఫీజుకు 6,000 తక్కువైంది, గడువుకు రెండు రోజుల ముందు మేనమామ ఇచ్చాడు’ అని రాయండి. అడిగింది దొరకని సంగతి కూడా రాయండి. వీసాలు, ఉద్యోగాలు మాత్రమే రాసే పుస్తకం చూసి పెరిగిన పిల్లలకు మొదటి దుఃఖం రాగానే దేవుడు అపరిచితుడవుతాడు. ఇతరుల రహస్యాలు మాత్రం అందులోకి ఎక్కించొద్దు. ఏడాదికోసారి, డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు బయల్దేరే ముందు, పిల్లలచేతే చదివించండి.

ఖాళీ కుడి పేజీ అనగానే ఒంగోలు గుర్తొస్తుంది. 1854 జనవరి 1న సూర్యోదయాన మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు అక్కడి కొండెక్కి ప్రార్థించారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మధ్యలో 24 ఏళ్ళు. ఆ అంకె చెప్పేవాళ్ళు దాని ముందున్న ఘోరమైన కరువును చాలాసార్లు వదిలేస్తారు. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు పని చూపించాడు. అది చెప్పకపోతే జ్ఞాపకం సగమే.

ప్రశ్న: ‘వెనుక ఉన్నవి మరచి’ అని పౌలు రాశాడు. నన్ను మోసం చేసినవాళ్ళను ఎంత మరిచిపోదామన్నా కుదరడం లేదు. నేను క్షమించనట్టేనా? (పేరు రాయవద్దన్న పాఠకుడు)

జవాబు: కాదు. ఫిలిప్పీ 3లో పౌలు పక్కన పెట్టినవి తన వంశం, ధర్మశాస్త్ర నిష్ఠ లాంటి గొప్పలు, అంతవరకు పరుగెత్తిన దూరం. అదే పౌలు ఎఫెసీయులకు, మునుపు మీరెలా ఉండేవారో జ్ఞాపకం చేసుకోండని రాశాడు (2:11, 12). యోసేపు తన బాధను దేవుడు మరిపించాడని పెద్దకొడుకుకు మనష్షే అని పేరు పెట్టాడు. అయినా అన్నల ముందు ‘మీరు ఐగుప్తుకు అమ్మేసిన యోసేపును నేనే’ అన్నాడు. సంగతి గుర్తుంది, పగ లేదు. దేవుడు మన పాపాలను జ్ఞాపకం చేసుకోనన్నది కూడా వాటిని మన లెక్కలో వేయనని.

భయపడాల్సింది అబద్ధపు జ్ఞాపకానికి. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు ఐగుప్తులో ఉచితంగా తిన్న చేపలు, కీరకాయలు, ఉల్లిపాయలు, తెల్లగడ్డలు గుర్తొచ్చాయి (సంఖ్యా 11:5). అక్కడి బానిసత్వంలోని ఇటుకలు, కొరడాలు గుర్తు రాలేదు. మీకు ఆ మోసం గుర్తొచ్చిన ప్రతిసారీ ఆ రోజుల్లో మీకు అన్నం పెట్టినవాళ్ళ పేర్లు కూడా పలకండి. అయితే మోసం చేసినవాళ్ళకు మళ్ళీ డబ్బు అప్పగించమని ఏ వాక్యమూ చెప్పదు.

ప్రశ్న: మా అమ్మకు 81 ఏళ్ళు. మతిమరుపు జబ్బు. నా పేరే గుర్తులేదు. ఆమెకు ప్రభు బల్ల ఇవ్వొచ్చా? ప్రార్థన ఎలా చేయించాలి? (ఒక కుమార్తె, కాకినాడ)

జవాబు: ఇవ్వొచ్చని మా అభిప్రాయం. తల్లి తన చంటిపిల్లను మరిచినా నేను నిన్ను మరువనని, నిన్ను నా అరచేతుల మీద చెక్కుకున్నానని ప్రభువు అన్నాడు (యెషయా 49:15, 16). ఇన్నేళ్ళూ ఆమె ఆయనను జ్ఞాపకం చేసుకుంది, ఇప్పుడు సంఘం ఆమె తరఫున చేస్తుంది. మీ పాస్టరు గారితో ముందుగా మాట్లాడండి. మింగడం కష్టమైతే ఆ మాట కూడా చెప్పండి. గోరంత రొట్టె ముక్క ద్రాక్షరసంలో నానబెట్టి ఇస్తారు. ఆమెను నిటారుగా కూర్చోబెట్టి ఇవ్వండి, మింగిందని తెలిశాకే పడుకోబెట్టండి.

రోజూ ఒకే వేళకు, పది నిమిషాలు మించకుండా ప్రార్థన పెట్టుకోండి. ‘నేనెవర్ని, చెప్పమ్మా’ అని పరీక్షలు పెట్టొద్దు, కంగారు పడతారు. ‘అమ్మా, నేను నీ కూతుర్ని’ అని మీరే చెప్పండి. చిన్నప్పుడు నేర్చుకున్న పాటలు పేర్లకన్నా ఎక్కువకాలం నిలుస్తాయి, అందుకని ఆమె పడుచుతనంలో పాడిన కీర్తనే ఎత్తుకోండి. ఆమె శ్రుతిలో, నెమ్మదిగా. ప్రభువు ప్రార్థన కొత్త అనువాదంలో వద్దు, ‘పరలోకమందున్న మా తండ్రీ’ అని పాత మాటల్లోనే మొదలుపెట్టి, మొదటి మాట తర్వాత కాస్త ఆగండి. కొన్ని రోజులు ఆమె అందుకుంటారు. అందుకోని రోజు మీరే పూర్తి చేసి, చేయి పట్టుకుని ‘ఆమేన్’ అనండి.