పాలిపోయిన నారుకు యూరియా పోయొద్దు

నాయనా,

నువ్వు ట్రేల్లో పెంచుతున్న టమాటా నారు ఫొటోలు చూశాను. విత్తి పదిరోజులైంది, ఆకు పాలిపోతోంది, పక్క పొలం ఆయన గుప్పెడు యూరియా నీళ్లలో కలిపి పోయమన్నాడు అని రాశావు. పోయొద్దు. యూరియా పోస్తే రెండు మూడు రోజుల్లో నారు పచ్చగా నిగనిగలాడుతుంది, నిజమే. కానీ కాడ మెత్తబడి పొడుగు సాగుతుంది, వేరు వెనకబడుతుంది. అలాంటి నారు మన మదనపల్లె ఎండలో నాటితే మర్నాటికే తల వేలాడేస్తుంది. నారులో మనకు కావాల్సింది వేరు, కాడ గట్టితనం. ఎత్తు చూసి మురిసిపోకు.

టమాటా మొలవగానే వచ్చే జంటాకుల్లో దానికి కావాల్సిన తిండి ఉంటుంది. ఆ తర్వాత వచ్చే గీతలున్న అసలు ఆకు విచ్చుకున్నాకే ఎరువు అవసరం మొదలవుతుంది. ట్రేలో నింపిన కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పీచు పొట్టులో, పోషకాలు లేవనే చెప్పాలి, కాబట్టి అప్పటినుంచి మనమే ఇవ్వాలి, కానీ పలచగా. మామూలుగా పన్నెండో రోజుకు నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండి నీళ్లలో కరిగే 19-19-19 ఎరువు లీటరుకు ఒక గ్రాము, ఇరవయ్యో రోజుకు రెండు గ్రాములు. ట్రే కింది రంధ్రాల్లో చుక్క కనిపించేదాకా పోసి, వెంటనే మామూలు నీళ్లు ఆకుల మీద తేలిగ్గా చిలకరించు. ఎరువు నీళ్లు ఆకు మీదే ఎండితే అంచులు మాడతాయి. ఈ రెండు విడతల మధ్యలో కాల్షియం నైట్రేట్ లీటరుకు ఒక గ్రాము విడిగా ఇవ్వొచ్చు. దాన్ని 19-19-19తో ఒకే డబ్బాలో కలపొద్దు, భాస్వరంతో కలిసి అడుగున పేరుకుపోతుంది.

పాలిపోవడమంతా ఒకటి కాదు. కింది ఆకులు ముందు పసుపైతే నత్రజని చాలలేదు. కొత్త ఆకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే చాలాసార్లు తడి ఎక్కువై వేరు ఊపిరాడక ఇనుము తీసుకోలేకపోతున్నట్టు. ఆకు అడుగున ఊదా రంగు వస్తే భాస్వరం అందట్లేదని. చలి రాత్రుల్లో ఎరువు వేసినా అలా కనిపిస్తుంది, వేడెక్కితే తగ్గుతుంది. నీ ఫొటోలో కొత్త ఆకే పసుపుగా ఉంది, ట్రేల మీద పాకుడు కూడా పట్టింది. ముందు నీళ్లు తగ్గించి చూడు.

నీళ్ల దగ్గరే ఎక్కువ నారు పోతుంది. పొద్దునే నీళ్లు పోసి, పైన ఆరినాకే మళ్లీ పోయాలి. ఎండ మరీ మండితే మధ్యాహ్నం కొంచెం చిలకరించు. చీకటి పడేవేళ తడి ఉంచితే నారుకుళ్లు వస్తుంది. కాడ మొదలు నీళ్లు పట్టినట్టై సన్నబడి మొక్క పక్కకు వాలిపోతుంది. అది ట్రేలో ఒక గుంతలో కనిపించినా ఆ మొక్కను, చుట్టూ ఉన్న నాలుగైదింటిని తీసేసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు లీటరుకు మూడు గ్రాములు కలిపి మొదళ్లలో పోయాలి. ఆ రోజు ఎరువు పెట్టకు. ట్రే అంచుల్లో గుంతలు ముందే ఆరిపోతాయి, వాటికి విడిగా చూసి పోయాలి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ కదా, పైన తెల్లటి పొర కడితే ఒకసారి మంచినీళ్లు బాగా పారించి కడిగెయ్.

ట్రేలు నేల మీద పెట్టావు, ఇటుకల మీదికి ఎత్తు. కింద గాలి తగిలితే వేరు కొస అక్కడే ఆగి లోపల గుబురు కడుతుంది. లేదంటే మట్టిలోకి దిగిపోయి పీకేటప్పుడు తెగుతుంది.

తెల్లదోమ సంగతి చిన్నగా చూడకు. ఆకుముడత వైరస్‌ను మోసేది అదే, ఆ వైరస్‌కు మందు లేదు. నారులో సోకితే గుర్తు నాటాక రెండు మూడు వారాలకు బయటపడుతుంది, అప్పటికి చేసేదేమీ ఉండదు. 40 మెష్ (అంగుళానికి 40 కళ్లున్న) నైలాన్ దోమ వల నాలుగు పక్కలా నేలకు ఆనించి మట్టి కప్పు, లోపల పసుపు జిగురు అట్టలు వేలాడదీయి. వైరస్‌ను తట్టుకునే రకమైనా వల తీయొద్దు. ఇంకో మాట, బీడీ తాగే కూలీల చేత సబ్బుతో చేతులు కడిగించు. బీడీ పొగాకులో ఉండగల పొగాకు మొజాయిక్ వైరస్ చేతుల ద్వారా మొక్కకు అంటుకుంటుంది.

ఇరవయ్యో రోజు దాటాక నారును ఎండకు అలవాటు చెయ్యి. నీడ కోసం కట్టిన షేడ్‌నెట్ మాత్రం పొద్దున రెండు గంటలు తొలగించి, రోజురోజుకు సమయం పెంచు. చాలామంది షేడ్‌నెట్‌తో పాటు దోమ వల కూడా ఎత్తేస్తారు. నాటే పొద్దుదాకా దోమ వల ఉండాల్సిందే. చివరి ఐదు రోజులు నత్రజని వద్దు, నీళ్లు తగ్గించు, కానీ ఆకు వాడనివ్వకు.

ఇరవై అయిదు రోజులకు నాలుగైదు ఆకులతో, జానెడు లోపు ఎత్తుతో ఉంటే నాటేయొచ్చు. ముప్పై అయిదు దాటితే వేరు గుంతలోనే చుట్టుకుంటుంది. కొంచెం పొడుగు సాగిన మొక్క ఉంటే పారేయకు, లోతుగా నాటు, టమాటాకు కాడ నుంచీ వేర్లు వస్తాయి. నాలుగు అడుగుల సాలు, అడుగున్నర ఎడంతో ఎకరాకు ఏడు వేల పైచిలుకు మొక్కలు పడతాయి. 98 గుంతల ట్రేలు ఎనభై అయిదు పెట్టుకుంటే చచ్చినవాటి స్థానంలో వేయడానికీ మిగులుతాయి.

నాటే రోజు పొద్దునే ట్రేలు బాగా తడిపి, ఎండ తగ్గాక సాయంత్రం నాటించు. సాయంత్రం పనికి మనుషులు దొరకడం కష్టం, మూడు రోజుల ముందే చెప్పి పెట్టుకో. ఈలోగా నీళ్లు తగ్గించిన నాలుగో రోజు కొత్త ఆకు ఫొటో పంపు, రంగు చూసి మొదటి ఎరువు ఎప్పుడో చెబుతాను.

మీ పెదనాన్న