టెక్ సందేహాలు: చేపల తొట్టి స్టాండు బరువు మోస్తుందని సాఫ్ట్‌వేర్ చెబుతుందా?

నాలుగు అడుగుల అక్వేరియం కొన్నాం. దానికి చెక్క స్టాండు, పైమూత కార్పెంటరు చేత ఇంట్లోనే చేయించాలని ఉంది. ముందుగా కంప్యూటర్లో బొమ్మ గీసుకోవడానికి ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా? స్టాండు బరువు ఆపుతుందో లేదో అదే చెబుతుందా? (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

బొమ్మ గీయడానికి బోలెడన్ని ఉన్నాయి. స్కెచప్ ఉచిత వెర్షన్ బ్రౌజర్లోనే తెరుచుకుంటుంది, ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. మొదలుపెట్టేటప్పుడే కొలతలు మిల్లీమీటర్లలో పెట్టుకోండి. ప్లైవుడ్ షీటు 8×4 అడుగులని అమ్మినా, దాని మందం మాత్రం 12, 18, 19 అంటూ మిల్లీమీటర్లలోనే చెబుతారు. ప్రతి ముక్కనూ విడి కాంపొనెంట్‌గా మార్చడం మరవకండి. లేదంటే గీతలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి, తలుపు జరపబోతే స్టాండంతా సాగుతుంది. షీటులో ముక్కలు సర్దేటప్పుడు ఒక్కో కోతకు మూడు మిల్లీమీటర్లు రంపానికి వదలండి. అది వదలకపోతే తెరమీద సరిగ్గా సరిపోయిన చివరి ముక్క మిల్లులో పొట్టిదవుతుంది.

ఇక బరువు సంగతి. స్కెచప్ దాని గురించి నోరు విప్పదు. అగ్గిపుల్లల కాళ్లమీద తొట్టి నిలబెట్టినా తెరమీద అందంగానే ఉంటుంది. లెక్క మనమే వేసుకోవాలి. మీ తొట్టి 48×18×18 అంగుళాలు అనుకుందాం. అంచుదాకా నింపితే 255 లీటర్లు, రెండు అంగుళాలు తగ్గించి నింపితే 225 లీటర్ల పైచిలుకు. లీటరుకు కిలో. 10 మిల్లీమీటర్ల గాజు 50 కిలోలు దాటుతుంది. గులకరాళ్లు ఓ 30 కిలోలు. మొత్తం 300 కిలోలకు పైమాటే. నలుగురు మనుషులు రాత్రింబవళ్లు దిగకుండా దానిమీద కూర్చున్నట్టు లెక్క.

ఈ బరువు మరల (స్క్రూల) మీద పడకూడదు. చాలా స్టాండ్లలో నేను చూసే లోపం ఇదే. పైన అడ్డంగా వచ్చే దూలాన్ని నిలువు కాలి పక్కన ఆనించి, రెండు మరలు బిగించి వదిలేస్తారు. అప్పుడు మొత్తం భారం ఆ రెండు ఇనుప ముక్కల మీదే. దూలం కాలి నెత్తిమీద కూర్చోవాలి, ఆ కాలు నేరుగా నేలకు దిగాలి. మరల పని ముక్కలు విడిపోకుండా పట్టుకోవడమే. తలుపుల కోసం ముందువైపు ఎలాగూ ఖాళీ వదులుతారు కాబట్టి, వెనక మాత్రం నిండు ప్లైవుడ్ కొట్టించండి. అది లేకపోతే స్టాండు పక్కకు ఊగుతుంది. గొట్టాలకూ వైర్లకూ దానిలో రంధ్రాలు చాలు.

చెక్క విషయంలో పీనాసితనం వద్దు. తడిని తట్టుకునే మెరైన్ ప్లై, అదీ ఐఎస్ 710 (భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్నది తీసుకోండి. చెక్కపొట్టు, చెక్క పీచు అదిమి చేసే పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ నీళ్లు తాగి ఉబ్బుతాయి. మెరైన్ ప్లైకి కూడా తడి కోసిన అంచుల నుంచే ఎక్కుతుంది. కార్పెంటరు పైభాగం మెరిసేలా పాలిష్ పెట్టి అంచుల్ని వదిలేస్తాడు, దగ్గరుండి వాటికీ పూత వేయించండి.

మేడమీది గదిలో పెడుతుంటే మరో మాట. ఇళ్ల గదులకు శ్లాబు డిజైన్లో సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారం లెక్కిస్తారు. మీ తొట్టి ఆక్రమించేది అర చదరపు మీటరుకు కాస్త ఎక్కువ. గది నడుమ కాకుండా, కింద గోడో దూలమో ఉన్నచోట గోడ వారగా పెట్టడం మంచిది. పాత ఇల్లయితే ఇంజినీరును అడగకుండా పెట్టవద్దు.

స్టాండు సమంగా ఉందో లేదో ఫోనులోని లెవల్ యాప్‌తో చూస్తే చాలదా? (కరీంనగర్ నుంచి)

చాలదు. ఫోను వెనక కెమెరా ఉబ్బెత్తుగా ఉంటుంది, కాబట్టి ఫోను తిన్నగా ఆనదు. నాలుగడుగుల అల్యూమినియం పట్టీని స్టాండుమీద పరిచి, ఫోనును పక్క అంచుమీద నిలబెట్టి చూడండి. తర్వాత ఫోనును అటుదిటు తిప్పి అదే చోట మళ్లీ చూడండి. రెండుసార్లూ ఒకే వాలు, ఒకే వైపు చూపితే ఆ వాలు స్టాండుది. వాలు చూపే వైపు మారితే తప్పు ఫోనుది. మేస్త్రి దగ్గర రసమట్టం ఉంటే ఈ తతంగం అక్కర్లేదు.

తొట్టి ఎక్కించాక రెండంగుళాలు నీళ్లు పోసి నాలుగు మూలలా స్కేలుతో కొలవండి. తేడా వస్తే నీళ్లు తీసేసి స్టాండు కాళ్ల కింద పలుచని చెక్క బద్దలు పెట్టాలి, తొట్టికీ స్టాండుకీ మధ్య పెట్టకూడదు. మధ్యలో పరిచే థర్మోకోల్ చిన్న గరుకునూ ఇసుక రేణువునూ సర్దుకుంటుంది గానీ వంకర స్టాండును సరిచేయదు.

పైమూతలో ఎల్‌ఈడీ లైటు పెట్టి స్మార్ట్ ప్లగ్‌కు కలపాలనుకుంటున్నాను. ఫిల్టరు కూడా దానికే పెట్టవచ్చా? (హైదరాబాద్ నుంచి)

లైటు పెట్టండి, ఫిల్టరు వద్దు. ఆగిపోతే చేపలకు ప్రాణం మీదికి వచ్చే పరికరాన్ని యాప్ దయకు వదలకూడదు. కొన్ని ప్లగ్‌లు కరెంటు పోయి వచ్చాక ఆఫ్‌లోనే ఉండిపోతాయి. సెట్టింగుల్లో కరెంటు వచ్చాక ఏ స్థితిలో ఉండాలో ఎంచుకునే వీలుందేమో చూసి కొనండి. చాలా ప్లగ్‌లు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైనే పట్టుకుంటాయి. కొన్న రోజునే రౌటరు ఆపేసి, లైటు వేళకు వెలుగుతుందో లేదో పరీక్షించండి. వెలగకపోతే ఆ టైమ్‌టేబుల్ ప్లగ్‌లో లేదు, కంపెనీ సర్వర్లో ఉందన్నమాట. రోజుకు ఎనిమిది గంటల వెలుగుతో మొదలుపెట్టండి, పెంచితే నాచు పెరుగుతుంది.

పైమూత లోపల ఎప్పుడూ ఆవిరే. లైటు అడాప్టరును మూత బయట పెట్టండి. మూత వెనక భాగం తెరిచే ఉంచండి, లోపలివైపు నీరు పీల్చని పూత వేయించండి. 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను ఒకటి నీటిమీదికి గాలి తోలితే వేసవిలో నీరు ఆవిరై కాస్త చల్లబడుతుంది. నీటిమట్టం రోజూ తగ్గుతుంది, పోసుకోవాలి. గాలిలో తేమ ఎక్కువున్న కోస్తా ఊళ్లలో ఫలితం తక్కువ.

ఎక్స్‌టెన్షన్ బోర్డును స్టాండు లోపల నేలమీద పడేయవద్దు, పక్క గోడకు ఎత్తులో బిగించండి. ప్రతి వైరూ బోర్డుకంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి వచ్చి ప్లగ్‌లో చేరాలి. వైరు వెంట జారే చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) తప్పనిసరి.

డీఎస్18బీ20 సెన్సర్‌తో నీటి ఉష్ణోగ్రత చూసే ఏర్పాటు చేసుకున్నాను. అప్పుడప్పుడు 85 డిగ్రీలు చూపిస్తోంది! (ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ)

చేపలు ఉడకలేదు, కంగారు వద్దు. కరెంటు అందగానే ఆ సెన్సర్ మెమరీలో ఉండే అంకె 85. కొలవడం పూర్తికాకముందే మీ ప్రోగ్రామ్ చదివేస్తోంది, ముప్పావు సెకను ఆగనివ్వండి. అదే మాటిమాటికీ వస్తుంటే వైరు వదులైందేమో, 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ సరిగా ఉందో లేదో చూడండి. హీటరును దీనికి కలిపి ఉంటే, 85 వచ్చినప్పుడు దాన్ని వదిలేసి ముందటి అంకెనే వాడేలా రాయండి.

రాత్రి కరెంటు పోయి వచ్చింది. తెల్లారి చూస్తే స్టాండు అరలో నీళ్లు. తొట్టి ఎక్కడా కారడం లేదు. లీకు సెన్సర్ కొనమంటారా? (నెల్లూరు నుంచి)

మీ గాలి పంపు ఎక్కడుంది? స్టాండు అరలోనే, అంటే నీటిమట్టానికి కిందే కదా! కరెంటు పోగానే గాలి ఆగి, తొట్టిలో నీరు అదే గొట్టం వెంట వెనక్కి దిగుతుంది. లీకు సెన్సర్ నీళ్లు వచ్చాక కూస్తుంది, రాకుండా ఆపదు. గొట్టంలో ఒకవైపుకే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు ఒకటి వేయండి, చవకైనదే. లేదా పంపును తొట్టి కంటే ఎత్తులో మేకుకు తగిలించండి. నీళ్లు వెళ్లిన పంపును బాగా ఆరనిచ్చి, ఎలక్ట్రీషియన్‌కు చూపించాకే ప్లగ్‌లో పెట్టండి. వాల్వుమీది బాణం తొట్టివైపు ఉండాలి. బాణం లేకపోతే నోటితో ఊదండి, గాలి ఏ కొస నుంచి బయటికి వస్తే ఆ కొస తొట్టివైపు.