తూచేది గ్రాముల్లో, లెక్క మోల్‌లలో

ప్రశ్న: రెండు పదార్థాల బరువులిచ్చి ఎంత ఉత్పన్నం వస్తుందని అడిగితే, తక్కువ బరువున్నదే ముందు అయిపోతుందనుకుని లెక్క చేస్తున్నాను. చాలాసార్లు తప్పుతోంది. లోపం ఎక్కడుంది?

జవాబు: బరువులు పోల్చడంలోనే ఉంది. అణువులు సంఖ్యను బట్టి కలుస్తాయి, బరువును బట్టి కాదు. ఆ సంఖ్యను లెక్కపెట్టే కొలమానమే మోల్, ఒక మోల్ పదార్థం ఎన్ని గ్రాములో చెప్పేది దాని మోల్ బరువు. 4 గ్రాముల హైడ్రోజన్, 16 గ్రాముల ఆక్సిజన్ కలిసి నీరు అవుతున్నాయనుకోండి. హైడ్రోజన్ మోల్ బరువు 2 గ్రాములు కాబట్టి మీ దగ్గరున్నది 2 మోల్‌లు. ఆక్సిజన్ మోల్ బరువు 32 గ్రాములు, అంటే ఉన్నది అర మోలే. 2H₂ + O₂ → 2H₂O అనే సమీకరణం ప్రకారం 2 మోల్‌ల హైడ్రోజన్‌కి 1 మోల్ ఆక్సిజన్ కావాలి. బరువు నాలుగు రెట్లున్నా ముందు అయిపోయేది ఆక్సిజనే. వచ్చే నీరు 1 మోల్, అంటే 18 గ్రాములు. 2 గ్రాముల హైడ్రోజన్ మిగిలిపోతుంది. 18కి 2 కలిపితే మొదట తీసుకున్న 20 గ్రాములూ తేలాయి. ఈ సరిచూపు ప్రతి లెక్కకీ చేయండి, అర నిమిషం పని.

ఇంకో చోట కూడా జారిపడతారు. తక్కువ మోల్‌లున్నదే ముందు అయిపోతుందని కూడా లేదు. 3 మోల్‌ల హైడ్రోజన్, 2 మోల్‌ల ఆక్సిజన్ ఇస్తే? ఒక్కోదాని మోల్‌లను సమీకరణంలో దాని ముందున్న అంకెతో, అంటే గుణకంతో భాగించండి (ఇక్కడ హైడ్రోజన్‌కి 2, ఆక్సిజన్‌కి 1). హైడ్రోజన్‌కి 1.5, ఆక్సిజన్‌కి 2 వస్తాయి. చిన్న సంఖ్య హైడ్రోజన్‌ది కాబట్టి ఈసారి అయిపోయేది అదే. సమీకరణాన్ని ముందే తుల్యం చేసుకోకపోతే, అంటే రెండు వైపులా పరమాణువుల సంఖ్య సరిచేసుకోకపోతే, ఈ భాగహారానికి అర్థం లేదు.

ప్రశ్న: 250 మిల్లీలీటర్ల నీళ్లు కొలిచి, 2.65 గ్రాముల సోడియం కార్బొనేట్ కలిపి 0.1 మోలార్ (లీటరు ద్రావణంలో 0.1 మోల్) ద్రావణం చేశాను. టైట్రేషన్‌లో, అంటే గాఢత తెలిసిన మరో ద్రావణంతో చర్య జరిపి చూస్తే, గాఢత విలువ బాగా తక్కువగా వస్తోంది.

జవాబు: ముందు సీసా మీది పేరు చూడండి. 2.65 గ్రాముల లెక్క అనార్ద్ర (నీటి అణువులు లేని) లవణానికి, అంటే మోల్ బరువు 106 ఉన్నదానికి. పది నీటి అణువులతో ఉన్న స్ఫటికాల మోల్ బరువు 286. వాటికైతే 7.15 గ్రాములు కావాలి. స్ఫటికాలనే 2.65 గ్రాములు వేసి ఉంటే మీ ద్రావణం 0.037 మోలార్ దగ్గరే ఆగిపోయింది. విలువ అంతగా పడిపోవడానికి ఎక్కువగా ఇదే కారణం.

ఇక పద్ధతి. మోలారిటీలో లీటరు అంటే తయారైన ద్రావణం లీటరు, పోసిన నీళ్లు కాదు. తూచిన పొడిని బీకరులో 100 మిల్లీలీటర్ల స్వేదన జలంలో పూర్తిగా కరిగించండి. వెచ్చబడితే చల్లారనివ్వండి, వేడిగా ఉండగా గీత వరకు నింపితే చల్లారాక మట్టం దిగిపోతుంది. గరాటు పెట్టి 250 మిల్లీలీటర్ల స్టాండర్డ్ ఫ్లాస్కులో పోయండి. బీకరు, గాజుకడ్డీ, గరాటు మూడుసార్లు కొద్దికొద్ది నీటితో కడిగి, ఆ నీళ్లూ ఫ్లాస్కులోకే పోయండి. గీతకి సెంటీమీటరు కిందనుంచి డ్రాపర్ వాడండి. గీతను కంటి ఎత్తులో ఉంచి, నీటి వంపు అడుగు దాన్ని తాకగానే ఆపేయండి. గీత దాటితే పైపైన తీసేయకండి, నీటితోపాటు లవణమూ పోతుంది. ఆ ద్రావణం పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే. చివరగా మూత బిగించి కనీసం పదిసార్లు తలకిందులు చేయండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. కలపకపోతే మెడలో ఉన్నది దాదాపు ఒట్టి నీరే.

ప్రశ్న: మోల్ అంటే 12 గ్రాముల కార్బన్-12లో ఉన్నన్ని కణాలని చదివాను. ఇప్పుడు నిర్వచనం వేరేగా ఉంది. పాత లెక్కలు తప్పా?

జవాబు: తప్పు కాదు. 2019 మే 20 నుంచి మోల్ అంటే కచ్చితంగా 6.02214076×10²³ కణాలు. అంతకుముందు ఆ సంఖ్యను కొలిచి తెలుసుకునేవాళ్లు, ఇప్పుడు దాన్నే స్థిరం చేశారు. అందువల్ల కార్బన్-12 మోల్ బరువు సరిగ్గా 12 గ్రాములు కావడం ఇక నిర్వచనం కాదు, కొలతతో తేలే విషయం. తేడా ఎంత సూక్ష్మమంటే మీ త్రాసుకి అందదు.