అమ్మ తుంటిలో ఉన్నది ఏ కంపెనీ కీలో తెలీదు, అమెరికాలో కేసు వేయొచ్చా?

మీ ప్రశ్నలకి లాయర్ జవాబులు

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను డాలస్‌లో ఉంటాను. 2021లో హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో మా అమ్మకి ఎడమ తుంటి మార్చారు. ఏడాదిగా గజ్జల్లో నొప్పి, నాలుగు మెట్లెక్కితే కూర్చుండిపోతోంది. మొన్న వేరే డాక్టర్ ఎక్స్‌రే చూసి కీలు వదులైంది, మళ్ళీ ఆపరేషన్ చేయాలన్నారు. ఇక్కడ టీవీలో రోజూ యాడ్స్ వస్తాయి కదా, ఫలానా ఇంప్లాంట్ పెట్టించుకున్నారా మాకు ఫోన్ చేయండి అని. అలాంటి మాస్ టార్ట్ కేసులో అమ్మని కలపొచ్చా? కంపెనీ పేరు మాకు తెలీదండి, అప్పుడు అడగాలని తోచలేదు.

జవాబు: అమ్మగారి నొప్పి గురించి చదువుతుంటే బాధేసిందండి. ముందు సూటిగా చెప్పేస్తా, అమెరికా కేసులో కలవడం చాలా కష్టం. ఆపరేషన్ ఇండియాలో జరిగింది, నష్టం అక్కడే, డాక్టర్లూ కాయితాలూ అక్కడే. ఇలాంటివి వస్తే మీ దేశంలోనే తేల్చుకోండని అమెరికా కోర్టులు చాలాసార్లు పంపించేస్తాయి. కానీ మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది అది కాదు, ఆ చివరి వాక్యం, కంపెనీ పేరు తెలీదన్నారే, అది.

ఎందుకో చెప్తాను. మాస్ టార్ట్ అంటే వేలమంది కలిసి వేసే ఒకటే కేసు అని చాలామంది అనుకుంటారు, అది క్లాస్ యాక్షన్. మాస్ టార్ట్‌లో ఎవరి కేసు వాళ్ళదే. ఒకే వస్తువు వల్ల దెబ్బతిన్నారు కాబట్టి ఫెడరల్ కోర్టుల్లో ఉన్న ఆ కేసులన్నీ ఒక జడ్జి దగ్గరికి చేరుస్తారు, దాన్నే ఎండీఎల్ అంటారు, 1968 నాటి చట్టం అది. కంపెనీ లోపలి ఈమెయిల్స్, టెస్టు రిపోర్టులు అందరి తరఫునా ఒకేసారి బయటికి లాగుతారు, తర్వాత కొన్ని కేసులు ముందు జ్యూరీ ముందుకి పంపి గాలి ఎటు వీస్తుందో చూస్తారు. కానీ నా ఒంట్లో పెట్టింది ఈ వస్తువే, దీనివల్లే నాకు ఈ నష్టం అని ఎవరికి వాళ్ళు రుజువు చేసుకోవాల్సిందే, ఆ ఒక్క పని గుంపు చేసిపెట్టదు.

మీ అమ్మగారిది కూడా తుంటే కాబట్టి డీప్యూ ఏఎస్ఆర్ కథ చెప్తాను. జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ళ డీప్యూ కంపెనీ చేసిన కీలు అది, బంతీ గిన్నే రెండూ లోహమే. రాపిడికి కోబాల్ట్, క్రోమియం రక్తంలోకి దిగి చుట్టూ ఉన్న కండ దెబ్బతినేది. ప్రపంచం మొత్తం మీద దాదాపు 93,000 మందికి పెట్టాక 2010 ఆగస్టులో రీకాల్ చేశారు, అంటే మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. అయిదేళ్ళలో 12, 13 శాతం మందికి మళ్ళీ ఆపరేషన్ పడుతోందని బ్రిటన్‌లో కీళ్ళ మార్పిడి ఆపరేషన్ల రిజిస్ట్రీ లెక్కలు తేల్చాయి. అమెరికాలో ఫెడరల్ కేసులన్నీ ఒహాయోలోని టొలీడో కోర్టుకి చేరాయి, స్టేట్ కోర్టుల్లోనూ నడిచాయి. 2013 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లో ఒక జ్యూరీ 83 లక్షల డాలర్లు ఇవ్వమంది, తర్వాతి నెలలోనే షికాగోలో ఇంకో జ్యూరీ కంపెనీ తప్పేం లేదంది. అదే కీలు, రెండు తీర్పులు. ఆ ఏడాది నవంబర్లో సుమారు 8,000 మందికి దాదాపు 250 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్ కుదిరింది, అదీ అప్పటికే రెండో ఆపరేషన్ అయిపోయినవాళ్ళకి. మనిషికి రెండున్నర లక్షల డాలర్లని మొదలుపెట్టి వయసుకింత, సిగరెట్లు తాగితే ఇంత అని తగ్గించుకుంటూ పోయారు.

మన దేశంలో అదే కీలు దాదాపు 4,700 ఆపరేషన్లలో వాడారు. కేంద్రం 2017లో డాక్టర్ అరుణ్ అగర్వాల్ అధ్యక్షతన కమిటీ వేసింది. కమిటీ నాటికి జాడ తెలిసినవాళ్ళు వెయ్యి మంది పైచిలుకు, 3,600 మంది దాకా ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు! ఒంట్లో ఏముందో తెలీకుండా నొప్పి భరిస్తూ వయసు అనుకుని సరిపెట్టుకున్నవాళ్ళు వాళ్ళలో ఎంతమందో అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. 2018లో కేంద్రం 30 లక్షల నుంచి 1 కోటి 23 లక్షల రూపాయల వరకు పరిహారం లెక్కగట్టింది, కంపెనీ ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది, 2019లో రివిజన్ ఆపరేషన్, అంటే కీలు మళ్ళీ మార్చే ఆపరేషన్ అయినట్టు నిర్ధారణ అయిన 67 మందికి తలా 25 లక్షలు ఇస్తామని అక్కడ ఒప్పుకుంది. వేలల్లోంచి 67 మంది.

అందుకే ఈ వారమే పని మొదలుపెట్టండి. ఇంప్లాంట్ డబ్బా మీద స్టిక్కర్ ఉంటుంది, కంపెనీ, మోడల్, లాట్ నంబర్ అన్నీ దాని మీదే. మామూలుగా కేస్ షీట్లోనో డిశ్చార్జ్ సమ్మరీ వెనకో అంటిస్తారు. హాస్పిటల్‌కి అమ్మ సంతకంతో లెటర్ పెట్టండి, రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని రూల్ ఉంది, కాకపోతే మూడేళ్ళు దాటినవి దాచాలన్న నియమం లేదు కాబట్టి లేవు అనొచ్చు, అయినా అడిగి రసీదు తీసుకోండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టి ఉంటే ఆ ఫైల్లో స్టిక్కర్ గానీ ఇన్వాయిస్ గానీ దొరికే అవకాశం ఎక్కువ. ఏదీ దొరక్కపోతే ఎక్స్‌రేలో ఆకారం చూసి గుర్తుపట్టే సర్జన్లుంటారు.

ఇంకోటి, ఇది అస్సలు మర్చిపోవద్దు, రెండో ఆపరేషన్‌కి ముందే తీసేసిన కీలు మాకు కావాలి, పారేయొద్దు అని రాసి ఇచ్చి డాక్టర్ సంతకం తీసుకోండి, అది చెత్తలోకి పోతే సగం కేసు దాంతోనే పోయినట్టు. కీలు వదులైనంత మాత్రాన కంపెనీ తప్పే అని కూడా అనుకోకండి, ఇన్ఫెక్షన్ వల్లా కింద పడటం వల్లా అవుతుంది, ఆపరేషన్ సరిగా చేయకపోయినా అవుతుంది, కారణం రాతపూర్వకంగా రాయించుకోండి. లోపమే అని తేలితే 2019 వినియోగదారుల చట్టంలో ప్రొడక్ట్ లయబిలిటీ అని ఒక అధ్యాయమే ఉంది, 2020 జులై నుంచి అమల్లో ఉంది. అమ్మ ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. గడువు రెండేళ్ళు. ఎప్పటినుంచి లెక్కేయాలన్నది వాదించుకోవచ్చు, సరైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నిస్తారు కూడా, కానీ ఆ ధైర్యంతో కూర్చోవద్దు తల్లీ.

ప్రశ్న: ఫ్రిస్కో, టెక్సస్ నుంచి రాస్తున్నానండి. నాకు హెర్నియా ఆపరేషన్లో మెష్ (వలలాంటిది) పెట్టారు, ఇబ్బందిగానే ఉంది. ఒక వెబ్‌సైట్లో ఫారం నింపితే గంటలో ఫోన్, సోషల్ సెక్యూరిటీ నంబర్ చెప్పండి, ఫోన్లోనే సంతకం చేసేయండి అంటున్నారు. పైసా ఖర్చు లేదట. నమ్మొచ్చా?

జవాబు: పైసా ఖర్చు లేదనేది అబద్ధం కాదు గానీ పూర్తి నిజమూ కాదు. గెలిస్తేనే ఫీజు, మామూలుగా వచ్చినదాంట్లో 33 నుంచి 40 శాతం. దానిపైన కోర్టు ఖర్చులు, మీ వైద్యానికి డబ్బు కట్టిన ఇన్సూరెన్స్ వాళ్ళ వాటా కూడా పోతాయి. ఖర్చులు ముందు తీసేసి ఫీజు లెక్కేస్తారా, ఫీజు తీసుకున్నాక ఖర్చులా అని అడగండి, చేతికొచ్చే మొత్తం అక్కడే మారిపోతుంది. మీకు ఫోన్ చేసింది లాయర్ ఆఫీసు కాకపోవచ్చు, పేర్లు పోగుచేసి అమ్మే కంపెనీలు చాలా ఉన్నాయి. నంబర్ ఫోన్లో చెప్పొద్దు. లాయర్ పేరు అడిగి స్టేట్ బార్ (లాయర్లు నమోదయ్యే సంస్థ) సైట్లో చూసుకోండి, అగ్రిమెంట్ తెప్పించుకుని ఇంట్లో చదివాకే సంతకం. అలాగని నెలలు నాన్చొద్దు, టెక్సస్‌లో రెండేళ్ళే గడువు, ఎండీఎల్ నడుస్తోంది కదా అని మీ గడియారం ఆగదు.

ప్రశ్న: మాది రాజమండ్రి. ఒకే కంపెనీ కుక్కర్ మా వీధిలో ముగ్గురి ఇళ్ళల్లో పేలింది, మా అత్తయ్యకి చెయ్యి కాలింది. ముగ్గురం కలిసి వేయొచ్చా మేడమ్?

జవాబు: వేయొచ్చమ్మా. సమస్య ఒకటే అయితే జిల్లా వినియోగదారుల కమిషన్ అనుమతి తీసుకుని ఒకరే అందరి తరఫునా వేసే వీలు 2019 వినియోగదారుల చట్టం సెక్షన్ 35లో ఉంది. కాలిన గాయానికి పరిహారం మాత్రం మీ అత్తయ్య వైద్యం బిల్లులు పెట్టి విడిగా చూపించాలి. కుక్కర్ మీద ఐఎస్ఐ మార్కు ఉందా చూడండి, అది తప్పనిసరి. లేకపోతే 1915కి ఫోన్ చేసి చెప్పండి. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఒక ఆన్‌లైన్ సైట్‌లో అమ్ముడైన 2,265 నాసిరకం కుక్కర్లు వెనక్కి తెప్పించి డబ్బులు తిరిగిమ్మని ఆర్డరేసింది. తయారుచేసినవాడెవడో తెలీకపోతే అమ్మిన షాపువాడి మీదే కేసు నడుస్తుంది. ఇప్పుడు మాత్రం ఆ కుక్కర్‌ని కడగొద్దు, మూత, గాస్కెట్, విజిల్ అన్నీ ఉన్నవున్నట్టే ఫోటోలు తీసి సంచిలో కట్టి దాచండి. షాపువాడు కొత్తది ఇస్తా పాతది ఇచ్చేయమంటాడు, ఇవ్వకండి.