కాళ్ల వాపు చూసి మాత్ర మానవద్దు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

ఎవరూ పోరకుండానే రక్తపోటు చూపించుకుని మందు మొదలుపెట్టావని విని ఎంతో సంతోషించాను. కాని చీలమండలు వాస్తున్నాయని ఆ మాత్ర మానేయబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

నువ్వు వేసుకునే ఆమ్లోడిపిన్ సన్నని ధమనులను వెడల్పు చేస్తుంది గాని సిరలను అంతగా చేయదు. అందువల్ల ఆ రెంటి మధ్య ఉండే అతి సన్నని రక్తనాళాల్లో, అంటే కేశనాళికల్లో, ఒత్తిడి పెరిగి, వాటిలోని ద్రవం బయటికి ఊరి, సాయంత్రానికి చీలమండల దగ్గర చేరుతుంది. 5 మిల్లీగ్రాముల కంటే 10 మిల్లీగ్రాముల మోతాదుతో ఇది ఎక్కువ.

మీ మామయ్యకూ ఇదే వాపు వచ్చింది. ఒంటికి నీరు పట్టిందని తనకు తానే తీర్మానించుకుని, ఇంట్లో ఎప్పటివో మిగిలిపోయిన, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలను ఎవరికీ చెప్పకుండా వేసుకున్నారు. ఆ వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చినది కాదు గనుక వాటికి లొంగలేదు. రక్తంలో సోడియం మాత్రం పడిపోయింది. మాట తడబడి, ఒక రాత్రి మంచం దిగబోతూ కూలిపోయారు. ఏ మందులు వాడుతున్నారని ఆసుపత్రిలో అడిగితే నేను ఆమ్లోడిపిన్ ఒక్కటే చెప్పాను. రెండోది ఉన్నట్టు నాకు తెలిస్తే కదా! పరుపు కింద ఆ మాత్రల షీటు దొరికాకే సంగతి బయటపడింది. ఆ మొండి మనిషి మీద నాకు ఇప్పటికీ కోపమే. చివరికి ఆమ్లోడిపిన్ సగానికి తగ్గించి టెల్మిసార్టాన్ అనే మరో రక్తపోటు మాత్ర జోడించారు. అది సిరలను కూడా కొంత సడలిస్తుంది కాబట్టి వాపు దిగింది.

ఇలాంటి మార్పు డాక్టరుగారు చేయవలసినది, నువ్వు కాదు నాయనా. ఒక్క కాలే వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా ఆ రోజే వెళ్లు. ఒకవేళ ఆయన నీ మందును రామిప్రిల్ అనే మరో రక్తపోటు మాత్రకు మారిస్తే, ఆ తరువాత పొడి దగ్గు పట్టుకుంటే చెప్పు. పెదవులో నాలుకో వాస్తే ఆ మాత్ర మళ్లీ వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ వంటి మాత్ర ఇస్తే దాన్ని హఠాత్తుగా ఆపకూడదు, గుండె దడ, ఛాతీ నొప్పి తిరగబెట్టవచ్చు. ఒళ్లు నొప్పులకని అడగకుండా ఐబుప్రొఫెన్ మింగవద్దు. అది రక్తపోటును పెంచుతుంది, మూత్రపిండాలకూ మంచిది కాదు. రాత్రి లేచేటప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని, ఆ తరువాతే నిలబడు. ఈ ఒక్కటి నా కోసమైనా చేయి.

నువ్వు డాక్టరుగారి ముందు నోరు విప్పవని నాకు తెలుసు. ఉదయం, సాయంత్రం చూసిన రక్తపోటు అంకెలు రాసుకో, వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకో, ఎప్పుడు వెళ్తున్నావో తెలియజేయి. నేనూ వస్తాను.

మీ అత్తయ్య