దండేనికి తీగ వద్దండి, తాడే కట్టండి

డాబా మీద కట్టిన నైలాన్ తాడు ఏడాది తిరక్కుండానే చివికి తెగిపోతోంది, ఈసారి జీఐ తీగ (జింకు పూత పూసిన ఇనప తీగ) కట్టించేద్దామా అని అడిగారు. వద్దండి.

కాకినాడలో మా నాన్న కూడా ఇలాగే విసుగొచ్చి తీగ కట్టించారు. తెగలేదు, నిజమే. కానీ సముద్రపు గాలికి, క్లిప్పుల రాపిడికి పైపూత పోయి రెండేళ్లకే తుప్పు మొదలైంది. తెల్ల చొక్కాల భుజాల మీద గోధుమరంగు గీతలు. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెడితే కొన్ని వదిలేవి, కొన్ని వదిలేవి కాదు. అంతవరకూ సర్దుకుపోయాం.

ఓ శ్రావణంలో పొద్దున్నే వాన పడి వెలిసింది. అమ్మ చెప్పుల్లేకుండా డాబా ఎక్కి, తడి దుప్పటి తీగ మీద వేయబోయి కెవ్వుమంది. చెయ్యి భుజం దాకా జివ్వుమందట. బీపీ మాత్ర మర్చిపోయావేమో అన్నాను నేను. ఇప్పటికీ దెప్పుతుంది. లైన్‌మన్ వచ్చి తీగకి టెస్టర్ పెట్టగానే వెలిగింది. ఇంట్లో మెయిన్ ఆపేసినా వెలుగుతూనే ఉంది!

కారణం తీగ రెండో కొన దగ్గర దొరికింది. ఒక కొన పిట్టగోడ కొక్కేనికి కట్టారు, రెండోది స్తంభం నుంచి కరెంటు దిగే సర్వీస్ పైపుకి. గాలికి ఊగి ఊగి, పైపు అంచు దగ్గర సర్వీస్ వైరు తొడుగు ఒరుసుకుపోయింది. అక్కణ్ణుంచి పైపుకి, పైపు నుంచి మా దండేనికి. మెయిన్ గానీ, షాక్ కొడితే దానంతటదే కరెంటు ఆపేయాల్సిన ఆర్‌సీసీబీ స్విచ్చు గానీ మీటరు తర్వాతే ఉంటాయి. ఈ లీకేమో మీటరుకి ముందు. ఇక వాటికి తెలిసేదెలా? 230 వోల్టులు, కింద తడి సిమెంటు, ఒట్టి కాళ్లు. అమ్మ తీగని పిడికిట పట్టుకోలేదు కాబట్టి బతికిపోయింది. పట్టుకుంటే కండరాలు బిగుసుకుని చెయ్యి వదల్లేం.

ప్లాస్టిక్ తొడుగున్న తీగ అమ్ముతారు, అదీ నమ్మకండి. ముడి వేసిన చోటే తొడుగు పగులుతుంది. తాడైనా సరే సర్వీస్ పైపుకి, కరెంటు స్తంభానికి, వైర్లు వెళ్లే రేకుల షెడ్డుకి మాత్రం కట్టకండి.

ఇక తాడు చివికిపోవడమంటారా, ఎండ దాని పని అది చేస్తుంది. పోగులు లేచి చేతికి గరగరా తగులుతుంటే మార్చేయడమే. మేము ఏటా వేసవి అయ్యాక మారుస్తాం. ఒంటి తాడు కాకుండా రెండు తాళ్లు పురి వేసి కట్టి చూడండి. జేబురుమాళ్లు, చిన్నపిల్లల బట్టల కొసలు ఆ పురిలో దోపేస్తే ఎంత గాలికీ ఎగిరిపోవు, క్లిప్పుల గొడవే లేదు. తడి దుప్పట్ల బరువుకి మధ్యలో కిందికి జారితే ఓ వెదురు కర్ర పోటు పెట్టండి. ఆరేసే ముందు తాడుని ఓసారి తడిగుడ్డతో తుడవండి, లేకపోతే పంచె మీద నల్లచార పడుతుంది. రంగు బట్టలు తిరగేసి ఆరేయాలని మీకు తెలిసే ఉంటుంది.

మా తీగ పారేయలేదు లెండి. పెరట్లో బీరపాదుకి పందిరి వేశాం.